అనుమానానికి పరుగులు.. హక్కుకు పడిగాపులు

బొర్రా గుహల పక్క నుంచి వెళ్లే రైలు మార్గాన్ని మనుషుల కోసం వేయలేదు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు తరలించడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. మనుషులు తర్వాత ఎక్కారు. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో బయలుదేరిన ప్యాసింజరు ఒడిశాలోని కొరాపుట్ దాటి, అరకు, బొర్రా మీదుగా ఘాట్ దిగి విశాఖ చేరుతుంది. మూడు రాష్ట్రాలకు ఒకటే టికెట్. దారిలో ఎక్కడా గేటు లేదు, పాస్‌పోర్టు అడిగేవారూ లేరు. ఈ కొండల్లోని కోదు, పోర్జ, గదబ, కొండదొర కుటుంబాలకు ఆంధ్రలోనూ ఒడిశాలోనూ చుట్టాలున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు పెళ్లిళ్లు, సంతలు, కూలి ప్రయాణాలు ఎలా సాగాయో తర్వాతా అలాగే సాగాయి.

అలాగని సరిహద్దు లేదని కాదు. అది కొండ మీద నుంచి కంప్యూటర్‌లోకి మారింది. పాడువా దగ్గరి పల్లె నుంచి అనంతగిరి మండలంలోని ఓ కొండ ఊరికి కోడలిగా వచ్చిన అమ్మాయిని తీసుకోండి. ఇలాంటి కోడళ్లు ఇక్కడ ఊరూరా ఉంటారు. ఆమె ఆధార్ ఒడిశా చిరునామాతో ఉంటుంది. రేషన్ పేరు పుట్టింటి కార్డులో ఉంటుంది. అత్తింటి కార్డులో పేరు ఎక్కాలంటే ముందు అక్కడ తీసేయించుకోవాలి. అందుకు ఎవరో ఒకరు ఒకరోజు కూలి మానుకుని, రైలు ఛార్జీ పెట్టుకుని కొరాపుట్ వెళ్లాలి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ప్రయోగాత్మకంగా మొదలై దేశమంతా విస్తరించిన ‘ఒకే దేశం–ఒకే రేషన్’ పథకం ఆమెకు కొంత ఊరట. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) డిపోలో వేలిముద్ర పడితే కేంద్రం ఇచ్చే బియ్యం ఇక్కడే తీసుకోవచ్చు. కానీ పేరు మార్పు, రాష్ట్ర ప్రభుత్వ పథకాలు, పింఛను, ఎస్టీ ధ్రువపత్రం వంటివేవీ ఆ వేలిముద్ర వెంట రావు.

ఆమెకు బిడ్డ ఇంట్లోనే పుడితే కథ ఇంకా ముదురుతుంది. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరడం నుంచి ఓటు, పాస్‌పోర్టు, ప్రభుత్వ ఉద్యోగం వరకు జనన ధ్రువపత్రమే ప్రధాన ఆధారం. ఏడాది దాటాక నమోదు చేయించాలంటే మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. అదే సవరణలో ఇంకో నిబంధన ఉంది. జాతీయ స్థాయిలో ఏర్పడే జనన మరణాల సమాచారాన్ని జనాభా రిజిస్టర్, ఓటర్ల జాబితా, ఆధార్, రేషన్ కార్డులు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు వంటి వ్యవస్థలు నడిపే అధికారులకు ఇవ్వవచ్చు. పుట్టుక వివరం ఢిల్లీ దాకా వెళ్లి ఆరు శాఖల్లోకి పారడానికి చట్టం దారి తవ్వింది. ఆ వివరం కొండ దిగి మండల కేంద్రానికి చేరే దారిని మాత్రం తల్లికే వదిలేసింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఈ తేడా గురించే. ప్రభుత్వాల దగ్గర మన సమాచారం ఎక్కువైందా, తక్కువైందా అన్న చర్చ పక్కన పెడదాం. సరిహద్దు దాటిన మనిషి విషయంలో ఆ సమాచారం ఎటు కదులుతోందో చూద్దాం. అనుమానించడానికి, ఏరివేయడానికి, వెళ్లగొట్టడానికి క్షణాల్లో చేతులు మారుతోంది. హక్కు ఇవ్వాల్సిన చోటికి మాత్రం రాదు, తెచ్చుకునే బాధ్యత మనిషిదే అవుతుంది. ఇది సాంకేతిక లోపం కాదు. ఏ వివరాన్ని ఏ శాఖకు పంపాలో ఎవరో కూర్చుని నిర్ణయించిన ఫలితం.

కొటియాను చూస్తే ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ, కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ మధ్య ఉన్న 21 గ్రామాల సముదాయం అది. 1936లో హద్దులు గీసినప్పుడు ఈ ఊళ్ల సర్వే జరగలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. 38 ఏళ్ల తర్వాత 2006లో కోర్టు ఆ దావాను కొట్టేసి, యథాతథ స్థితి కొనసాగించమంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడి మూడు గ్రామాల్లో పంచాయతీ ఎన్నికలు జరిపితే, ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ఆ ఏడాది నవంబరు 9న అప్పటి ముఖ్యమంత్రులు వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడారు. ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేసుకుందామన్నారు. హద్దు తేలలేదు.

తేలని ఆ హద్దులో రెండు ప్రభుత్వాలూ ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. ఆంధ్ర ఒక బడి కడితే ఒడిశా ఒకటి కట్టింది. ఇటు నుంచి రోడ్డు పడితే అటు నుంచీ రోడ్డు పడింది. రెండువైపులా రేషన్ కార్డులిచ్చారు, రెండువైపులా ఓటరు కార్డులిచ్చారు. ఊళ్లోకి జీపు దిగి శిబిరం పెట్టి, పేర్లు రాసుకుని, ఫొటోలు తీసి కార్డు చేతిలో పెట్టినది అధికారులే. ‘ఈ ఊరు మాది’ అని కోర్టులో చూపించుకోవడానికి ఈ మనుషుల కార్డులు రెండు రాష్ట్రాలకూ సాక్ష్యాలయ్యాయి. అక్కడి గిరిజనుడు ఆ రెండింటినీ దాచుకున్నాడు. పింఛను ఎక్కువిచ్చే చోట పింఛను, దగ్గరగా ఉన్న ఆస్పత్రిలో వైద్యం తీసుకున్నాడు. ఎవరి మాట ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియని చోట బతికేవాడు ఇంకేం చేస్తాడు?

ఇప్పుడు డేటాబేస్‌ల కాలం వచ్చింది. ఒక మనిషి రెండుచోట్ల ఓటరుగా నమోదు కావడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం చెల్లదు. నమోదు కోసం తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు. 2021 ఎన్నికల చట్టాల సవరణతో ఓటరు జాబితాను ఆధార్‌తో కలపడానికి దారి ఏర్పడింది. రేషన్ కార్డులకు ఆ కలయిక ఎప్పుడో జరిగింది. రేపు రెండు రాష్ట్రాల జాబితాలు ఎదురెదురుగా పెట్టి చూస్తే, కొటియాలో చాలా ఇళ్లు ‘డూప్లికేట్’గా తేలతాయి. రాష్ట్రాలు చేసిన పనికి పౌరుడు మోసగాడి జాబితాలో చేరతాడు. ఏ కార్డు తీసేయాలో, ఎవరిని అడిగి తీసేస్తారో, తీసేసే ముందు ఆ ఊరికి తెలుగులోనో ఒడియాలోనో కువిలోనో ఎవరైనా చెబుతారో లేదో ఎక్కడా రాసి లేదు. తెలంగాణలో లక్షల రేషన్ కార్డులు క్షేత్ర విచారణ లేకుండా కంప్యూటర్ లెక్కలతో రద్దయ్యాయి. వాటిని మళ్లీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కొటియా దానికంటే క్లిష్టం. అక్కడ ఒక కార్డు రద్దయితే బియ్యం పోవడమే కాదు, ‘నువ్వు ఏ రాష్ట్రం వాడివి’ అన్న ప్రశ్నకు ఒక గుమస్తా తన కంప్యూటర్ మీద జవాబిచ్చేసినట్టవుతుంది. పార్లమెంటు తేల్చాల్సిన హద్దును ఒక సాఫ్ట్‌వేర్ తేల్చకూడదు.

రాష్ట్రం మారితే గుర్తింపు కూడా మారే దేశం మనది. రాజ్యాంగంలోని 342వ అధికరణ ప్రకారం ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబంలో పుట్టి, తండ్రితో మహారాష్ట్ర వెళ్లిన ఒక తెలుగు విద్యార్థి ముంబైలోని సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీలో రిజర్వేషన్ సీటు అడిగితే, వలస వెళ్లినవాడి వెంట ఆ హోదా రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా ఆ తీర్పును నేటికీ ఉదహరిస్తారు. ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన ఆదివాసులకు ఆ సూత్రం గుదిబండ అయింది.

ఆ ఆదివాసులనే మనవైపు గుత్తికోయలంటారు. 2005 జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు, ప్రభుత్వ అండ ఉన్న ఆ సాయుధ దళాలకు మధ్య నలిగిన వేల కుటుంబాలు అడవి దారుల్లో నడిచి అప్పటి ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల్లోకి వచ్చాయి. ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. వాగు పక్కన గుడిసెలు వేసుకున్నారు, పోడు కొట్టుకున్నారు, మిరప తోటల్లో కూలికెళ్లారు. వాళ్లు విదేశీయులు కారు. అంతర్జాతీయ సరిహద్దు దాటలేదు కనుక చట్టం లెక్కలో శరణార్థులూ కారు. భారతీయ పౌరులు. అయినా సొంత దేశంలోనే ఆశ్రయం కోరి వచ్చినవారి బతుకు వాళ్లది.

వాళ్ల గురించి ప్రభుత్వం దగ్గర సమాచారం లేదనడానికి లేదు. అటవీ శాఖ లెక్కలో వాళ్లు ఆక్రమణదారులు, పోలీసుల లెక్కలో నిఘా ఉంచాల్సినవారు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) లెక్కలో వలస ఆదివాసులు. చాలామందికి ఆధార్ ఉంది, కొందరికి ఓటు ఉంది. లేనిది ఒక్కటే, ఎస్టీ ధ్రువపత్రం. వలస వచ్చినవారికి ఆ పత్రం ఇవ్వాలంటే తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన పత్రం చూపాలని కేంద్రం నిబంధన. లేదా ఆ రాష్ట్ర అధికారుల ద్వారా విచారణ చేయించాలి. ఊరు తగలబడి రాత్రికి రాత్రి వచ్చినవాడి దగ్గర తండ్రి కుల పత్రం ఎక్కడుంటుంది? విచారణ అంటే ఏమిటి? ‘ఫలానా ఊరి ఫలానా కుటుంబం మా దగ్గరుంది’ అని, వాళ్లు ఎవరికి భయపడి పారిపోయారో ఆ జిల్లాకే ఉత్తరం రాయడం. అందుకే వాళ్లలో చాలామంది పత్రం అడగరు. అడిగితే వచ్చే మేలు కంటే, అడిగినందుకు తెలిసిపోయే విషయం వాళ్లను ఎక్కువ భయపెడుతుంది. అటవీ హక్కుల చట్టం 2006 వాళ్లకు అక్కరకు రావాల్సింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమిలో ఉన్నట్టు రుజువు కావాలన్న నిబంధన దగ్గర అదీ ఆగిపోతోంది. అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి పునరావాస హక్కు ఉందని అదే చట్టంలోని 3(1)(ఎం) చెబుతున్నా, ఆ నిబంధన కింద వీళ్లకు దారి తెరుచుకోలేదు.

ప్రపంచమంతా శరణార్థుల విషయంలో ఒక మూలసూత్రం ఉంది. పారిపోయి వచ్చినవారి వివరాలను వాళ్లు పారిపోయి వచ్చిన ప్రభుత్వానికి ఇవ్వకూడదు. ఇచ్చారంటే వెనకున్న బంధువులకు ముప్పు, తిరిగి వెళ్లినవారికి ముప్పు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ నియమాల్లోనే ఇది ఉంది. ఆ సంస్థే తప్పటడుగు వేసిందని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. బంగ్లాదేశ్ శిబిరాల్లో రోహింగ్యాల నుంచి వేలిముద్రలు, ఫొటోలు, కుటుంబ వివరాలు తీసుకుని గుర్తింపు కార్డులిచ్చారు. కార్డు ఉంటేనే బియ్యం, వైద్యం. ఆ వివరాలు బంగ్లాదేశ్ ప్రభుత్వానికి, అక్కడి నుంచి మయన్మార్‌కు చేరాయి. కనీసం 8 లక్షల 30 వేల మంది పేర్లు ఆ జాబితాల్లో ఉన్నాయని ఆ నివేదిక చెప్పింది. అనుమతి తీసుకున్నామని శరణార్థుల సంస్థ అంది. బియ్యం కోసం వరుసలో నిలబడినవాడు ‘నా వివరాలు ఇవ్వొద్దు’ అనగలడా? అన్నం పెట్టే చేయే సంతకం అడిగినప్పుడు ఆ సంతకాన్ని సమ్మతి అనడం అన్యాయం. అనంతగిరి డిపోలో వేలిముద్ర వేసే ఆదివాసీ మహిళ సమ్మతి కూడా ఇంతకంటే స్వేచ్ఛగా ఇచ్చిందేమీ కాదు.

1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. మనకు శరణార్థుల చట్టం కూడా లేదు. ఆ లోటు ఎలాంటి గందరగోళం తెస్తుందో హైదరాబాద్ బాలాపూర్ చూపింది. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులిచ్చింది. వాళ్లలో ఒక ఆటో డ్రైవర్‌కు వచ్చిన కాగితం పౌరసత్వం రుజువు చేసుకోమని అడిగింది. తాను ఇక్కడే పుట్టిన భారతీయుణ్ణని అతను మొత్తుకున్నాడు. ఆధార్‌కు పౌరసత్వంతో సంబంధం లేదు, 182 రోజులు దేశంలో నివసిస్తే చాలని చట్టమే చెబుతోంది. పోలీసుల నుంచి వచ్చిన సమాచారం ఆధారంగా నోటీసులిచ్చామని, పౌరసత్వానికి వీటితో సంబంధం లేదని ఆ తర్వాత సంస్థ వివరణ ఇచ్చింది. సంక్షేమం కోసం కట్టిన వ్యవస్థలోకి ఒక పోలీసు నివేదిక చేరింది, అది పౌరసత్వ పరీక్షగా బయటికొచ్చింది.

‘ఇవన్నీ అడవిలో వాళ్ల గోడు, బస్తీవాళ్ల గోడు’ అనుకునే మధ్యతరగతి తెలుగు ఇళ్లు ఇప్పుడు అదే భయంతో నిద్ర పట్టక ఉన్నాయి. అమెరికాలో చదివే పిల్లల గురించి ఆ తల్లిదండ్రులను అడగండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డాక మన పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు కట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ కేసులో 130 మంది విద్యార్థులను నిర్బంధిస్తే వాళ్లలో 129 మంది భారతీయులు, అత్యధికులు తెలుగువాళ్లు. ఆ యూనివర్సిటీని పెట్టింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. తరగతులు లేవు, పాఠాలు లేవు. అది తెలిసే చేరినవాళ్లూ వాళ్లలో ఉన్నారు, దళారులు శిక్షలూ అనుభవించారు. కానీ విదేశీ విద్యార్థులను చేర్చుకునే అర్హత ఉన్న సంస్థల అధికారిక జాబితాలో ఆ పేరును ప్రభుత్వమే ఉంచింది. ప్రభుత్వ జాబితాను నమ్మడం కూడా నేరమైతే విద్యార్థి ఇంక దేన్ని నమ్మాలి? 2019 ఫిబ్రవరి 2న భారత విదేశాంగ శాఖ అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన తెలపాల్సి వచ్చింది.

ఆ తర్వాత వచ్చింది ఇంకా పెద్దది. 2025 వసంతంలో దాదాపు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లను అమెరికా అధికారులు నేర సమాచార కేంద్రం రికార్డులతో కంప్యూటర్‌లో సరిచూశారు. సుమారు 6,400 పేర్లు కలిశాయి. కలిసినవాళ్లలో ఎప్పుడో ట్రాఫిక్ కేసు పడినవాళ్లున్నారు, కేసు కొట్టేసినవాళ్లున్నారు. వేలమంది విద్యార్థుల రికార్డులు రాత్రికి రాత్రి రద్దయ్యాయి. ముందు నోటీసు లేదు, కారణం లేదు. కోర్టుల్లో వరుసగా ఎదురుదెబ్బలు తిన్నాక ఏప్రిల్ 25న వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరించారు. ఆలోపు భయంతో టికెట్ కొనుక్కుని ఇంటికి వచ్చేసినవాళ్లకు ఆ పునరుద్ధరణ ఏం ఒరగబెట్టింది? 2019 నుంచే వీసా దరఖాస్తులో గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలు రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవాళ్లు, డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ, హెచ్‌-4 కోరేవాళ్లు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలి. పదిహేడేళ్లప్పుడు పెట్టిన పోస్టును కాన్సులేట్ అధికారి ఏ కళ్లతో చదువుతాడోనని మన పిల్లలు రాత్రంతా కూర్చుని పాత మాటలు చెరిపేసుకుంటున్నారు. గుత్తికోయ తండ్రి కుల పత్రం అడగడానికి వెనకాడటం, హైదరాబాద్ కుర్రాడు తన రాజకీయ అభిప్రాయం చెరిపేసుకోవడం ఒకే రకం భయం నుంచి పుట్టినవి.

బ్రిటన్ చవిచూసిన అనుభవం మనకు ఉపయోగం. అక్కడ ఆరోగ్య శాఖ డేటా సంస్థ 2017లో హోంశాఖతో ఒప్పందం చేసుకుని, రోగులు డాక్టరుకు ఇచ్చిన చిరునామాలను వలసదారుల ఆచూకీ కోసం అందించింది. చిరునామా ఇస్తే ఇంటికి పోలీసులొస్తారన్న భయంతో మనుషులు వైద్యానికి దూరమవుతారని డాక్టర్లు, పార్లమెంటు ఆరోగ్య కమిటీ గట్టిగా నిలబడ్డారు. 2018 మేలో ప్రభుత్వం చాలావరకు వెనక్కి తగ్గింది. అయితే అమెరికాలో పన్ను శాఖ, ఇమిగ్రేషన్ శాఖ వలసదారుల వివరాలు పంచుకోవడానికి 2025 ఏప్రిల్‌లో కుదుర్చుకున్న ఒప్పందం చూస్తే ఆ పాఠం ఎవరికీ ఎక్కలేదనిపిస్తుంది. మన్యంలో దీని అర్థం మరీ సూటిగా ఉంటుంది. మలేరియా రక్తపరీక్ష చేయడానికి వచ్చిన ఆశా కార్యకర్త రాసుకున్న పేర్లు పోలీస్ స్టేషన్‌కు వెళ్తాయన్న పుకారు ఒక్కటి పుడితే చాలు, ఆ గూడెం తలుపులు మూసుకుంటుంది.

ఇక్కడ ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో గంజాయి రవాణా నిజం. మాయమాటలతో ఆడపిల్లలను తరలించడం నిజం. రెండుచోట్ల లబ్ధి పొందే దొంగ లబ్ధిదారులు కూడా నిజం. రెండు రాష్ట్రాల పోలీసులు సమాచారం పంచుకోకపోతే నేరస్థుడికే లాభం. ఒప్పుకోవాల్సిందే. గంజాయి అణచివేతకు ఆంధ్రప్రదేశ్ 2024లో ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగమే పెట్టింది. నా అభ్యంతరం నేర పరిశోధన మీద కాదు. ఒక నేరం, ఒక నిందితుడు, ఒక కోర్టు ఉన్నచోట సమాచారం అడగడం వేరు, ఊరంతటి వివరాలను ముందే పోగేసి ఎవరైనా దొరుకుతారేమోనని వెతకడం వేరు. చెక్‌పోస్టులో బస్సు దిగిన గిరిజన కుర్రాడి ఆధార్‌ను ఫొటో తీసుకుంటే, ఆ ఫొటో ఎవరి ఫోనులో ఎన్నాళ్లు ఉంటుందో అతనికి తెలిసే మార్గం ఉండాలి. మత్తుమందు దొరకని మనిషి ఫొటో ఆ సాయంత్రానికే చెరిగిపోవాలి.

పైగా పంచుకోవాల్సిన సమాచారాన్ని ప్రభుత్వాలు దశాబ్దాలుగా పంచుకోలేదు. ఒడిశా నుంచి మేస్త్రీలు తోలుకెళ్లే వలస కూలీల దురవస్థ చూసి 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చారు. కూలీలను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు పదిహేను రోజుల్లో వాళ్ల వివరాలు బయలుదేరిన రాష్ట్రానికీ, పనిచేసే రాష్ట్రానికీ ఇవ్వాలి. ప్రతి కూలీకీ ఫొటో అతికించిన పాస్‌బుక్ ఇవ్వాలి, అందులో కూలి రేటు, పట్టుకున్న కోతలు రాయాలి. సమాచారం మనిషి పక్షాన ఎలా నిలబడగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి నమూనా లేదు. దాన్ని అమలు చేయలేదు. తెలంగాణ ఇటుక బట్టీల్లో ఒడియా కూలీల చేతిలో ఆ పాస్‌బుక్ చూసిన వాళ్లు అరుదు. ఫలితం 2020లో చూశాం. లాక్‌డౌన్‌లో రోడ్ల మీద నడిచిన కూలీలు ఎంతమంది చనిపోయారని పార్లమెంటులో అడిగితే, సెప్టెంబరులో కేంద్ర కార్మిక శాఖ తమ దగ్గర లెక్కలు లేవంది. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టాన్ని తమలో కలిపేసుకున్నాయి. ఇక మీద భారం కాంట్రాక్టరు మీద కంటే కార్మికుడి ఆధార్ స్వయంనమోదు మీద పడుతుందేమోనని నా భయం.

చట్టం వైపు చూస్తే కోర్టులు బాట వేశాయి. గోప్యత ప్రాథమిక హక్కని జస్టిస్ పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో, జాతీయ భద్రత పేరుతో ఒక సంయుక్త కార్యదర్శి హోదా అధికారి ఆధార్ వివరాలు ఇప్పించే నిబంధనను అప్పటి రూపంలో కొట్టేశారు. కానీ 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మళ్లీ తలుపులు బార్లా తెరిచింది. సబ్సిడీ, సంక్షేమం పేరు చెబితే ప్రభుత్వాలు తమ దగ్గరున్న డేటాను కొత్తగా సమ్మతి అడక్కుండా వాడుకోవచ్చు. భద్రత, శాంతిభద్రతల పేరుతో ఏ ప్రభుత్వ సంస్థనైనా కేంద్రం ఆ చట్టం నుంచే మినహాయించవచ్చు. 2025 నవంబరులో వచ్చిన నియమాల ప్రకారం ఆ చట్టంలోని అసలైన రక్షణలు పౌరుడికి అందేది 2027లో. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం మాత్రం హోటళ్లు, విద్యా సంస్థలు, ఆస్పత్రులు విదేశీయుల వివరాలు అధికారులకు ఇవ్వాలంటుంది. వివరాలు తీసుకునే చట్టం ముందే అమలైంది, వాటిని కాపాడే చట్టం గడువు అడిగింది.

పౌరుడిని బయటివాళ్ల నుంచి కాపాడే చట్టం ప్రభుత్వాన్నీ కట్టేయాలా? దీనికి జవాబు బొర్రాయే ఇచ్చింది. బొర్రా రిజర్వు అటవీ ప్రాంతం, దాని చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో గనుల లీజులను సమతా సంస్థ సవాలు చేసింది. గిరిజనేతరులకు భూమి బదిలీ చేయకూడదన్న 1959 నాటి నిబంధన, 1970 సవరణ ప్రభుత్వానికి కూడా వర్తిస్తాయని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చింది. అంతవరకూ ప్రభుత్వాల వాదన తాము ఆ నిబంధనకు అతీతులమనే. భూమి విషయంలో ఆ రోజు కూలిన వాదననే ఇవాళ డేటా విషయంలో మళ్లీ వినిపిస్తున్నారు. భూమి బయటివారి చేతికి వెళ్లకుండా ఆదివాసికి అంత రక్షణ ఇచ్చిన రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు, అతని పేరు, వేలిముద్ర, ఊరు, కుటుంబ చరిత్ర చేతులు మారేటప్పుడు చూస్తూ ఊరుకోవాలని ఎక్కడా లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ చట్టం ఎంతవరకు వర్తించాలో మార్చే అధికారం గవర్నర్‌కు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారమిచ్చిన పెసా చట్టం వచ్చి దాదాపు మూడు దశాబ్దాలయింది, రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. ఏజెన్సీలో సర్వే పేరుతో ఇంటింటి వివరాలు తీసుకునే ముందు, ఆ కాగితం ఏయే శాఖలు చూస్తాయో గ్రామసభలో చదివి వినిపించాలని ఒక ఉత్తర్వు ఇవ్వడానికి అడ్డేమిటి? సంక్షేమ శాఖ దగ్గరున్న వివరాన్ని పోలీసులో, అటవీ శాఖో, పొరుగు రాష్ట్రమో అడిగితే, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అడిగారో రాసి ఉంచే రిజిస్టరు కూడా అవసరమే. అది ఆ మనిషి అడిగితే చూపాలి. గుత్తికోయల విషయంలో ధ్రువీకరణ కోసం సొంత జిల్లాకు రాసే పద్ధతి మానేసి, ఇక్కడి ఊరి పెద్దల వాంగ్మూలం, భాష, బంధుత్వం ఆధారంగా తేల్చవచ్చు. ఇరవై ఏళ్లు కలిసి బతికిన పొరుగు కోయ గూడేనికి వాళ్లు ఎవరో తెలియకపోవడమంటూ ఉండదు.

కొటియా దగ్గర రెండు రాష్ట్రాలు చేయాల్సిన పని ఇంకా స్పష్టం. రెండు కార్డులున్నందుకు ఏ ఒక్కరి మీదా కేసు పెట్టబోమని, హద్దు తేలేదాకా ఏ కార్డూ రద్దు చేయబోమని ఇద్దరు ప్రధాన కార్యదర్శులు ఒకే కాగితం మీద సంతకం చేయాలి. పంచుకోవాల్సినవి జనన రికార్డులు, టీకాల వివరాలు, బడి పిల్లల పేర్లు. అవి ఏ పిల్లకైనా ఉపయోగపడేవే. 2021 నవంబరులో ఒప్పుకున్న ఆ కమిటీ ఎజెండాలో దీన్ని మొదటి అంశంగా పెట్టడానికి పార్లమెంటు అనుమతి అక్కర్లేదు, హద్దు ఎటు తేలుతుందో చూడాల్సిన పనీ లేదు.